పెదవి రంగు కలప

రంపం మెత్తగానే దిగింది. దిగుతున్నంతసేపూ వాసన వచ్చింది. కోత మిల్లు వాసనలు నాకు కొత్త కాదు. టేకు వాసన ఒకలా ఉంటుంది, మద్ది ఒకలా, తడి వేప ఇంకోలా. ఇది వీటిలో ఏదీ కాదు. పొద్దున్నే పళ్ళు తోముకోని మనిషి మన ముఖం దగ్గరికొచ్చి మాట్లాడితే వచ్చే వాసన.

“ఏంటండి మేష్టారూ ఈ కంపు,” అన్నాడు కోత మేస్త్రి అప్పలస్వామి, తువ్వాలు ముక్కుకి కట్టుకుంటూ. “చెట్టుని తెచ్చారా, చచ్చినదాన్ని తెచ్చారా?”

“నిద్రగన్నేరేనయ్యా. మా అమ్మాయి పెంచిన బొడిపె.”

చెట్టు ఒంటి మీద లేచే గడ్డనే బొడిపె అంటాం. మామూలు వడ్రంగి ముడి ఉన్న చెక్కని పక్కన పడేస్తాడు. కానీ పెద్ద బొడిపెని పలకలుగా కోస్తే లోపల పోగులన్నీ సుడులు తిరిగి, గోదావరి వరదనీళ్ళని గడ్డకట్టించినట్టు ఉంటాయి. ఆ పలకలతో చేసిన బల్ల ఇంట్లో ఉండాలని డబ్బున్నవాళ్ళు తహతహలాడతారు. అడవిలో అలాంటి బొడిపె ఎదగడానికి ఒక మనిషి జీవితమంత కాలం పడుతుంది. మా అమ్మాయి సువర్చల దాన్ని ఎనిమిది నెలల్లో తెప్పించింది. ఆ మొదటి కాపులో మొదటి బొడిపె అది. అందుకే రాజమండ్రి మిల్లుకి నేనే స్వయంగా పట్టుకొచ్చాను.

సగం కోశాక రంపం కీచుమంది. అప్పలస్వామి మీట లాగి ఆపేశాడు. రంపం పట్టీకి రెండు పళ్ళు ఎగిరిపోయాయి.

“మేకుందండి లోపల. ఏ సినిమా పోస్టరుకో కొట్టుంటారు.”

“పుట్టి ఏడాది కాని గడ్డలో మేకెలా ఉంటుంది?”

గునపం పెట్టి రెండు చెక్కలుగా విడదీశాడు. పచ్చికొబ్బరి చీల్చినప్పటి చప్పుడైంది. పైన రెండంగుళాల మేర మంచి కలపే, చక్కటి సుడులు. లోపలంతా గులాబీరంగు. తడిగా, నునుపుగా, మన కింది పెదవిని వేలితో లాగి చూస్తే లోపల ఎలా ఉంటుందో అలా. అందులో ఒక దవడపన్ను, రంపం దాన్ని నిలువునా కోసేసింది. దాని పక్కన పంటిచిగురులోంచి అప్పుడే మొలుస్తున్న రెండు చిన్న పళ్ళు. వెనకాల ఒక గుంటలో తడిసి ముద్దయిన నల్లటి వెంట్రుకల చుట్ట.

నా నోట్లో నీళ్ళూరాయి, వాంతికి ముందు ఊరినట్టు.

అప్పలస్వామి ముక్కుకి కట్టుకున్న తువ్వాలు విప్పి దాని మీద కప్పేశాడు. రంపప్పొట్టు ఊడ్చే ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని ఇటే వస్తున్నారు.

“ఇటు రాకండే, మిషను ఇరిగింది,” అని వాళ్ళని వెనక్కి పంపాడు. ఆ కంపుకి ముక్కు తెరిచే నిలబడ్డాడు గానీ తువ్వాలు తీసుకోలేదు. ఆ రోజుకి నేను చూసిన మంచి అదొక్కటే.

రెండు చెక్కలూ గోనెసంచిలో వేసుకుని ఆటో ఎక్కాను. ఒళ్ళో పెట్టుకున్నాను. కడియం దాటేసరికి పంచె తడిసి తొడకి అంటుకుంది. ఆ తడి గోరువెచ్చగా ఉంది.

“చేపలా బాబుగారూ?” అన్నాడు ఆటో అబ్బాయి అద్దంలోంచి చూస్తూ.

“అలాంటిదే,” అన్నాను.

సువర్చల ప్రయోగశాల నర్సరీల మధ్య నాలుగు గదుల పెంకుటిల్లు. కలప అడితీ, అప్పలస్వామి పనిచేసే కోత మిల్లూ నడిపే సూరిబాబు పెట్టుబడి. నేను కాకినాడలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా భార్య కామేశ్వరి పోయాక కూతురి దగ్గరికి చేరాను. ఆమెకి వంట చేస్తాను, ప్రయోగశాలలో బ్లేడుతో పొరలు కోసి పెడతాను. మిషను కన్నా నీ చెయ్యే పల్చగా కోస్తుంది నాన్నా, అంటుంది. ముసలితండ్రికి పని లేదనిపించకుండా ఉండటానికి అంటోందని నాకు తెలుసు. అయినా ఆ మాట బావుంటుంది.

సంచి విప్పితే సువర్చల వెనక్కి జరగలేదు. ముందుకి వంగింది. నేను గులాబీరంగు పొర ఒకటి గీరి, గాజుపలక మీద పరిచి, నీలిరంగు చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. చూడగానే తెలిసిపోయింది. బల్లపరుపుగా, అంచులు మడతపడి, మధ్యలో నీలిచుక్కతో ఉన్న కణాలు. ఇంటర్మీడియట్ మొదటి ఏడాది పిల్లలందరి చేతా చేయించే మొదటి ప్రయోగం అదే. పుల్లతో బుగ్గ లోపల గీరి తీసిన కణాలు. ముప్పై ఏళ్ళు ఎందరి నోళ్ళలోంచి వచ్చినవో చూశాను. చెట్టులోంచి వచ్చినవి చూడటం అదే మొదలు.

“మనిషి నోరమ్మా ఇది,” అన్నాను.

సువర్చల కుర్చీలో కూర్చుండిపోయింది. మట్టిలో ఒక సూక్ష్మజీవి ఉంది. చెట్టుకి గాయమైన చోట దూరి, తన జన్యువు ముక్క ఒకటి కణంలో దించి, ఇక్కడ గడ్డ పెంచు అని ఆజ్ఞ వేస్తుంది. అది లోకంలో ఎప్పటినుంచో ఉన్నదే. సువర్చల దాని పట్టింపులు పోగొట్టింది. వేపా, టేకా, నిద్రగన్నేరా అని చూడకుండా గాయం దగ్గర ఏ కణం దొరికితే దాన్ని కలుపుకుని గడ్డ కట్టమని నేర్పింది. ఆ సూక్ష్మజీవి ఉన్న మందులో ముంచిన పుల్లని లేతచెట్టుకి అంటు కడితే చాలు.

“ఏ కణమైనా అని చెప్పాను,” అంది నెమ్మదిగా. “చెట్టు కణమే అని చెప్పాల్సిన అవసరం ఉంటుందనుకోలేదు. మనిషిది అక్కడికెలా వెళ్ళింది నాన్నా? మనం అంతా చేతికి తొడుగులేసుకునే చేశాంగా.”

“ఇక్కడ మనం చేశాం. గోదావరి లంకలో తోటకి అంటు కట్టిందెవరు?”

లంకతోట మొత్తానికి కత్తి పట్టింది నూకరత్నం. మిగిలిన ఆడవాళ్ళు వెనకాలే ప్లాస్టిక్ పట్టీలు చుట్టుకుంటూ వెళ్ళారు. కడియం చుట్టుపక్కల ఆమె చేతి అంటు పోయిందన్న మాట లేదు. నలభై దాటి ఉంటుంది. మాట ముందు, నవ్వు వెనక. కబురు పంపితే ఏదో బహుమానం ఇస్తారనుకుని తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది.

“రత్నం, అంటు కట్టేటప్పుడు కోసిన పుల్లని ఎక్కడ పెట్టుకుంటావు?” అని అడిగాను.

“ఎక్కడ పెట్టుకుంటానండి, నోట్లో. ఓ చేత్తో కత్తి, ఓ చేత్తో మొక్క. మూడో చెయ్యి దేవుడియ్యలేదు గదండీ. చంకలో పెట్టుకోమంటారా ఏంటి?”

“మందులో ముంచాక కూడానా?” అంది సువర్చల.

“మరి ఆరిపోదండీ అమ్మాయిగారూ? ఉమ్మి తడుంటేనే పుల్ల బతుకుద్ది. మా అమ్మ అలాగే కట్టింది, మా అమ్మమ్మా అంతే. కడియం మొక్క ఏ ఊళ్ళో కాసినా, ఆ మావిడిపండు మా ఎంగిలేనండి. తవఁరూ తినే ఉంటారు.”

నవ్వింది. మేం నవ్వకపోయేసరికి ఆపేసింది. సువర్చల ఆమెని వెలుతురులో కూర్చోబెట్టి నోరంతా పరీక్షించింది. చిగుళ్ళు, నాలుక, బుగ్గలు, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆ మందు మనిషిలో గడ్డ పెంచదు. అంతవరకూ మేలు.

“దేనికండీ ఇదంతా?” అని రత్నం చుట్టూ చూసింది. బల్ల మీద అప్పలస్వామి తువ్వాలు కప్పిన ముద్ద. నేను లేచేలోపే దాన్ని ఎత్తింది.

చాలాసేపు చూసింది. మూసిన పెదవుల వెనక ఆమె నాలుక పళ్ళ మీంచి ఒక్కొక్కటిగా తడుముకుంటూ వెళ్ళడం బుగ్గ మీద కనిపించింది. తర్వాత బయటికి వెళ్ళి కుళాయి దగ్గర వాంతి చేసుకుంది. నేను చెంబుతో నీళ్ళు పోశాను. కనకాంబరాలు జారి ఆ నీళ్ళలో పడ్డాయి.

“ఎన్ని చెట్లండి మేష్టారూ అక్కడ?”

“మూడొందల పైన.”

“అన్నిట్లోనూ నేనే ఉన్నానా?”

సువర్చల గుమ్మంలో నిలబడి ఉంది. తేల్చుకోవడానికి మరో రెండు బొడిపెలు కోసి, వాటిలోని కణాలనూ రత్నం బుగ్గ నుంచి తీసినవాటినీ జన్యుపరీక్షకి హైదరాబాదు పంపించాం. అన్నీ ఒకటేనని తేలింది.

ఆ ఫలితం వచ్చిన రాత్రి బీరకాయ పప్పు చేశాను. ఇద్దరం కంచాల ముందు కూర్చున్నాం గానీ ముద్ద దిగలేదు. కాసేపటికి సువర్చల మాట్లాడటం మొదలుపెట్టింది. ఆమె మాటలో భయం లేదు. అదే నన్ను భయపెట్టింది.

“నాన్నా, ఇది ఎంత పెద్ద సంగతో ఆలోచించు. మనిషి చర్మం, చిగురు, పెదవి, ఒంటికి బయట, ఒక చెట్టు నీళ్ళు తాగి బతుకుతోంది. పెదవి చీలి పుట్టే పిల్లలున్నారు. ఒళ్ళు కాలినవాళ్ళున్నారు. నేను ఏళ్ళ తరబడి బల్లల కోసం పని చేశాను. దొరికింది ఇది.”

“నిజమే కావచ్చు. నాకు అసహ్యంగా ఉందమ్మా.”

“అసహ్యం వాదన కాదు నాన్నా.”

కాదని నాకూ తెలుసు. కామేశ్వరి చివరి రోజుల్లో నోరంతా పుళ్ళు పడ్డాయి. చెంచాతో జావ పోసేవాణ్ణి. సగం బయటికొచ్చేది, వేలితో లోపలికి తోసి, పెదవులు తుడిచి, మళ్ళీ పోసేవాణ్ణి. ఆ నోటి వాసన ఇంటినిండా ఉండేది. ఒక్కనాడు కూడా నాకు అసహ్యం వెయ్యలేదు. ఆ నోటి వెనక ఆవిడ ఉంది. ఈ గడ్డలో నోరుంది గానీ వెనక మనిషి లేదు. మనిషి లేని నోరు తడిగా ఎదురుచూస్తూ ఉంది. నాకు తేడా అదే. సువర్చలకి చెప్పబోయి మానేశాను. తల్లి జబ్బు తల్చుకుంటే ఆమె ఇప్పటికీ అన్నం మానేస్తుంది.

ఎండలు ముదిరాక లంకతోటకి వెళ్ళడం నరకమైంది. పడవ దిగగానే వాసన. వేడికి బొడిపెలు పగిలాయి. బెరడు నెర్రెల్లోంచి గులాబీరంగు బయటపడింది, జిగురుగా తడి కారింది. దాని మీద చీమల బారులు, ఈగల ముసురు. ఒక చెట్టు నెర్రెలో వరసగా నాలుగు పళ్ళు, పైన ఎండకి చిట్లిన పెదవి లాంటి అంచు. ఒక కుక్క ముందరికాళ్ళు చెట్టుకి ఆనించి ఆ తడిని నాకుతోంది. రత్నం దాన్ని రాళ్ళు పెట్టి తరిమింది. అది ఇంకో చెట్టు దగ్గరికి పోయింది. ఎన్ని చెట్లకని కాపలా కాస్తుంది?

ఆమె చిక్కిపోయింది. గంజి తప్ప ఏమీ దిగడం లేదని తోటి ఆడవాళ్ళు చెప్పారు.

“నేను నమిలితే ఇక్కడ మూడొందల నోళ్ళు నమిలినట్టుంటందండి,” అంది నాతో. “ముద్ద పెట్టుకోగానే ఈ ఈగలు కళ్ళలో మెదుల్తాయి.”

ఆ రోజే సూరిబాబు వచ్చాడు. పడవలోంచి గుడ్డ చుట్టిన పలక ఒకటి దింపించాడు. పెట్టుబడి పెట్టినవాడు కదా అని సంగతి చెప్పి మేం పంపిన రెండు ముక్కల్ని ఎవరిచేతో ఆరబెట్టించి, జిగురు పట్టించి, పాలిష్ పెట్టించాడు. చూడటానికి అందంగా ఉంది. ఆ మాట దాచను. కలప సుడుల మధ్య గులాబీరంగు మేఘాల్లా పాకింది, లోపలినుంచి వెలుతురు వస్తున్నట్టుంది.

“చూశారా మేష్టారూ, పెదవి రంగు కలప. ప్రపంచంలో ఎవడి దగ్గరా లేదు. హైదరాబాదులో కొత్త హోటలొకటి భోజనాల బల్లలకి అడుగుతోంది.”

“పళ్ళో?” అంది సువర్చల.

“పీకించేద్దాం డాక్టరమ్మా. పనసతొనలో గింజ తీసినట్టు. గుంటలో లక్క పోస్తే సరి.” రత్నం వైపు తిరిగాడు. “నీకు మంచికాలం వచ్చిందే రత్నం. ఇంక ఎండలో తిరగక్కర్లేదు. ఫ్యాను కింద కూర్చుని పుల్లలు చప్పరించడమే పని. నెలజీతం.”

“అది నా నోరండి సూరిబాబుగారూ.”

“నీ నోరు నీ దగ్గరే ఉందిగా, గడగడా మాట్లాడతన్నావు. ఇది నా చెట్టు.”

“మీ చెట్లు మీరు కొట్టుకోండి. నన్ను మాత్రం అమ్మొద్దండి.”

“ఏం మనిషివే. తిరపతి వెళ్ళి గుండు చేయించుకోలేదా నువ్వు? ఆ జుట్టు ఎవరో నెత్తిన పెట్టుకోవట్లేదా? అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు?”

“అది నేనిచ్చిందండి,” అంది రత్నం. “ఇది నేనివ్వలేదు.”

సూరిబాబు నవ్వి, పలకని అరచేత్తో నిమురుతూ పడవ వైపు నడిచాడు. ఆ చెయ్యి దాని మీద తిరుగుతున్నంతసేపూ రత్నం తన కింది పెదవిని పళ్ళతో నొక్కి పట్టుకుంది. సువర్చల అది చూసింది.

హోటలు తరఫున అలంకరణ చూసే ఆవిడ రాజమండ్రి వచ్చింది. సూరిబాబు అడితిలో ఏసీ గది తెరిచి, ఆ పలకనే బల్లగా బిగించి, దాని మీద పూతరేకులు, కాఫీ పెట్టించాడు. కనిపెట్టిన మనిషి కాబట్టి సువర్చలని పిలిచాడు. తోడు నేను వెళ్ళాను. కాఫీ ఒలికి ఒక చుక్క పలక మీద పడితే నా వేళ్ళు ముడుచుకున్నాయి.

“ఎంత మెత్తగా ఉందండీ,” అంటోంది ఆవిడ, బల్ల అంచు వెంట వేళ్ళు జార్చుతూ. మర్యాద తెలిసిన మనిషి, మొహంలో దయ ఉంది. “ఏం పాలిష్ ఇది?”

“సహజం మేడమ్. చెట్టు గొప్పతనం.”

తలుపు తోసుకుని రత్నం వచ్చింది. ఉతికిన నేతచీర, తడితల. వెనకాల అప్పలస్వామి. గేటు తీసింది అతనే. రత్నం ఆవిడకి నమస్కారం పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుంది. తర్వాత కింది పెదవిని రెండు వేళ్ళతో పట్టి, చిగుళ్ళు కనిపించేలా కిందికి లాగింది. బల్ల మీదికి వంగింది.

“రంగు కలిసిందేమో చూడండమ్మా,” అంది. పెదవి పట్టుకునే అనడంతో మాట ముద్దగా వచ్చింది.

“పిచ్చిదండి. తోటలో పని చేస్తది,” అన్నాడు సూరిబాబు లేస్తూ. “అప్పలస్వామీ, లాక్కుపో దీన్ని.”

అప్పలస్వామి కదలలేదు.

“ఏమంటోంది ఈవిడ?” ఆవిడ సువర్చల వైపు చూసింది. చదువుకున్న మనిషి చెబితే నమ్ముదామన్న చూపు. సూరిబాబూ సువర్చల వైపే చూశాడు. ప్రయోగశాల అద్దె, పరికరాలు, వచ్చే పదేళ్ళ పని, అన్నీ ఆ చూపులో ఉన్నాయి. పిచ్చిది అన్న మాటకి తలూపితే చాలు. నేను ఏమైనా అందామనుకున్నాను. కానీ చెప్పవలసింది నేను కాదు.

“ఆవిడ చెప్పేది నిజం,” అంది సువర్చల. “ఇది ఆవిడ పెదవి. పొరపాటున చెట్టులో పెరిగింది. ఇందులో పళ్ళుండేవి. ఆ లక్క పోసినవన్నీ పళ్ళు పీకిన గుంటలు.”

ఆవిడ చెయ్యి బల్ల మీంచి లేచింది. నోట్లో సగం పూతరేకు ఉంది, మింగలేదు, ఉమ్మలేదు. వేళ్ళని చీర కుచ్చిళ్ళకి తుడిచింది. చాలదనిపించిందేమో, కాగితం తీసి ఒక్కో వేలూ విడివిడిగా తుడిచింది, గోళ్ళ సందులు కూడా. తర్వాత కాగితం అడ్డం పెట్టుకుని పూతరేకు అందులో ఉమ్మి, లేచి బయటికి వెళ్ళిపోయింది.

మేం గెలిచినట్టే. కానీ నేను రత్నం మొహం చూశాను. ఆవిడ తుడుచుకున్నది దేన్నో రత్నానికి తెలుసు. ఆవిడ అలా తుడుచుకోవాలనే తను తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. అది కళ్ళెదుట జరిగాక తల దించుకుని, పెదవులు చీర చెంగుతో కప్పుకుంది.

సాయంత్రానికల్లా అడితిల వాడంతా తెలిసిపోయింది. ఆ కలప కోతకి రామని మిల్లు పనివాళ్ళు తెగేసి చెప్పారు. లారీవాళ్ళు తాళాలు సూరిబాబు బల్ల మీద పెట్టేశారు. అతను నష్టానికి ఏడవలేదు గానీ అడితి పేరుకి భయపడ్డాడు.

“వర్షాలు పడకముందే ఆ దరిద్రాన్ని నా లంకలోంచి లేపెయ్యండి,” అన్నాడు ఫోనులో. “పెద్ద పంటు పడవ మీద పొక్లెయిన్ పంపిస్తాను. నా పేరెక్కడా రాకూడదు.”

తోటలో నిలబడి ఎలా చెయ్యాలో మాట్లాడుకున్నాం.

“తగలబెట్టేద్దాం. ఒక్క కణం కూడా మిగలదు,” అంది సువర్చల.

“బతికుండగానే నాకు నిప్పెడతారా అమ్మాయిగారూ?” అంది రత్నం.

అందరం గోదావరి వైపు చూస్తూ నిలబడ్డాం. గాలి నది మీంచి ఇటు తిరిగి కంపుని మా వెనక్కి తీసుకుపోయింది. కాసేపు ఊపిరి పీల్చుకోగలిగాం.

“పురిటి మాయని ఏం చేస్తామండి?” అంది రత్నం చివరికి. “అదీ ఒంట్లోదే. కాల్చం, పారెయ్యం. కుక్కలు తవ్వకుండా లోతుగా గొయ్యి తీసి, ఉప్పేసి పాతేస్తాం. అలా చెయ్యండి.”

అలాగే చేశాం. పొక్లెయిన్ ఇసక తోడింది. లంకమట్టి కింద నీళ్ళు ఊరేదాకా పోనివ్వకుండా మధ్యలో ఆపించాను. చెట్లు ఒక్కొక్కటే వేళ్ళతో సహా వచ్చాయి. బొడిపెలు గొయ్యిలో ఒకదాని మీద ఒకటి పడుతుంటే తడి చప్పుడయ్యేది, పళ్ళకి పళ్ళు తగిలి టకటకమనేవి. పొక్లెయిన్ డ్రైవరు ఎవరూ చెప్పకుండానే సెల్‌ఫోనులో పాటలు పెద్దగా పెట్టాడు. అంటు కట్టే ఆడవాళ్ళు ఉప్పు బస్తాలు మోసుకొచ్చారు. పలకగా మారిన ముక్కని కూడా అప్పలస్వామి అడితిలోంచి విప్పి తెచ్చి వేశాడు.

సువర్చల ప్రయోగశాలలోంచి మంచుపెట్టె తెచ్చింది. అందులో సూక్ష్మజీవి ఉన్న సీసాలు, రత్నం నోటి కణాలు కలిసి బతుకుతున్న సీసాలు. ఒకటి చేతిలో పట్టుకుని రత్నం ముందు నిలబడింది.

“రత్నంగారూ,” అంది. అప్పటిదాకా ఆమెని ఎన్నడూ గారు అనలేదు. “ఈ ఒక్క సీసా ఉంచుకోనిస్తారా? బల్లలకి కాదు. పెదవి చీలి పుట్టే పిల్లలకి పనికొస్తుందేమో. ఎప్పటికో తెలీదు, వస్తుందని మాటివ్వలేను.”

రత్నం ఆ సీసాని చేతిలోకి తీసుకోలేదు గానీ చాలాసేపు దాని వంకే చూసింది. అడుగున గులాబీరంగు మడ్డి.

“చిన్నపిల్లలకా?”

“అవునండి.”

“ఇంతదాకా ఎవరూ నన్ను అడగలేదండి. మీరడిగారు. అడిగారు గాబట్టి చెప్తున్నాను. వద్దండి. ఇష్టపడి ఇచ్చేవాళ్ళు ఇంకెవరన్నా ఉంటే వాళ్ళది పెంచండి. నాది వద్దు.”

నా కూతురు గొయ్యి అంచున మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో సీసా మూత తీసి ఉప్పు మీద ఒంపింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఎక్కడో పుట్టబోయే ఒక పిల్లకి ఆ ఒంపడం వల్ల ఏం పోయిందో నాకు తెలియదు. ఆలోచించకుండా ఉండలేను గానీ, ఆ సీసాని ఆపాలని మాత్రం నాకు అనిపించలేదు.

ఇసక పూడ్చాక ఆడవాళ్ళలో గుసగుసలు.

“ఇప్పుడు తలకి పోసుకోవాలంటావా, అక్కర్లేదంటావా?”

“మనిషి ఎదురుగా ఉంటే మైలేంటే నీ మొహం.”

“పురుడన్నా ఉండాలిగా మరి?”

“చావూ కాదు, పురుడూ కాదు,” అంది రత్నం. “కాళ్ళు కడుక్కోండి చాలు.”

అందరం రేవులో కాళ్ళు కడుక్కున్నాం. పనివాళ్ళ కోసం తెచ్చిన పులిహోర గిన్నె మూత తీశాను. ఆ వాసనలో ఎవరూ తినలేరనుకున్నాను, చాలామంది తినలేదు కూడా. రత్నం వచ్చి ఆకు పరుచుకుని కూర్చుంది. మొదటి ముద్ద పెట్టుకునేటప్పుడు మాకు వీపు తిప్పుకుంది. కాసేపటికి తనే ఇటు తిరిగింది.

ఆమె నమలసాగింది. వేరుశనగపప్పు పళ్ళ మధ్య నలిగే చప్పుడు, మెతుకులు నాలుక మీద తిరిగే తడి చప్పుడు, పసుపు అంటిన పెదవులు. పక్కనే ఉన్న సువర్చల మొహం పక్కకి తిప్పుకుని నీళ్ళవైపు చూస్తోంది. ఇకమీదట ఏ మనిషి తింటున్నా, నా కూతురు తింటున్నా, నేను ముందు ఈ గొయ్యినే చూస్తానని అప్పుడర్థమైంది.

రత్నం తలెత్తి నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకుంటానేమోనని చూసింది.

“ఇంకాస్త పెట్టనా?” అన్నాను.

“పెట్టండి మేష్టారూ,” అంది నోటినిండా ముద్దతో.

వంగి ఆమె ఆకులో వడ్డించాను. అంత దగ్గర్నించి ఆ పళ్ళూ, ఆ చిగుళ్ళూ, ఆ తడీ కనిపించాయి. గొంతుదాకా వచ్చినదాన్ని మింగి, ఆమె తినడం పూర్తయ్యేవరకూ నీళ్ళ చెంబు పట్టుకుని అక్కడే కూర్చున్నాను.